కొలతకు కోసిన కోటు

చెల్లెలిని తనతో ఇంటికి తీసుకుపోదామనే సముద్రాలు దాటి వచ్చింది దర్జీ అక్క. మరిది, చెల్లెలి మొగుడు, పోయి ఏడాది తిరిగింది. పరాయి దేశంలో ఒంటరి మనిషి ఎలా బతుకుతుందని, తన కుట్టుకొట్లో చెల్లెలి కోసం రెండో మిషను కూడా వేయించింది. చెల్లెల్ని అడగకముందే మిషను కొనడం ఆలు లేదు చూలు లేదు సామెతే. ఆ మాట అక్కతో అనే ధైర్యం ఎవరికుంది?

వచ్చిన రోజు నుంచీ అడుగుతూనే ఉంది. తెల్లవారకముందే రొట్టెల బట్టీకి పోయి, పిండి అంటిన చేతులతో తిరిగొచ్చే చెల్లెలు, "నువ్వుండే చివరిరోజు నదిలో పడవ షికారుకెళ్దాం అక్కా, అక్కడ చెప్తా" అని దాటేసేది. అక్క ఊరుకుంటుందా? ఒక పొద్దున బట్టీకే వెళ్లింది. అక్కడ చెల్లెలు నలుగురికి పనులు పురమాయిస్తూ, వాళ్ల భాషలో ఏదో అని అందర్నీ నవ్విస్తూ, తనూ నవ్వుతోంది. మరిది పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు. సంతోషించాల్సింది పోయి అక్క గుండెల్లో రాయి పడింది.

ఇవాళే ఆ చివరిరోజు. పడవ రేవు వదిలింది. ఒడ్డున మేడలు, బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు వెనక్కి జరుగుతున్నాయి. గాలి ఈడ్చి కొడుతోంది. అక్క పళ్లు టకటకలాడుతుంటే చెల్లెలు సంచిలోంచి తన పాత బూడిదరంగు కోటు తీసి ఆమెకు తొడిగింది.

చలికి వణుకుతున్నా దర్జీ దర్జీయే. చెల్లెలు తాడిచెట్టంత పొడుగు, తను ఆమె భుజానికి వస్తుంది. అయినా కోటు చేతులు తన మణికట్టు దగ్గరే ఆగాయి. అంచు లోపల తడిమి చూసింది. మడత తగల్లేదు.

"బట్ట కోసేశావా? లోపలికి మడిచి కుట్టాలి, కొయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పానే? మళ్లీ నీకెలా పడుతుంది?"

"నాక్కాదక్కా, నీకే. నువ్వింక పెరగవుగా."

"మనింటి దగ్గర ఎండలకి నాకు కోటెందుకే?"

"అక్కడికి కాదు. ఇక్కడే, నా తలుపు వెనక మేకుకి ఉంటుంది. నువ్వొచ్చినప్పుడల్లా వేసుకోడానికి."

అన్నాళ్లుగా అడుగుతున్నదానికి జవాబు వచ్చేసింది. అక్కకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. పడవ వంతెన కిందనుంచి పోయి మళ్లీ ఎండలోకి వచ్చింది.

అప్పుడు అక్క ముక్కు తుడుచుకుని, రెండు చేతులూ ముందుకు చాచి పక్కపక్కన పెట్టి చూసింది.

"ఎడమ చెయ్యి అరంగుళం ఎక్కువుంది," అంది. "నువ్వు ముట్టుకోకు. వచ్చే ఏడు నేనొచ్చి సరిచేస్తా."