తొమ్మిదో గడి

ఆమె బీబీఏ పూర్తయిన దగ్గర్నుంచీ ఇంట్లో రోజూ ఒకటే గొడవ. అన్నయ్య ఎంబీఏ చెయ్యమంటాడు. అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటుంది. నాన్న ఎవరి వైపూ మాట్లాడకుండా పేపర్లో తల దూర్చేస్తాడు. వీళ్ళ పంచాయితీ తెగేలోపు ఆమె తనంతట తానే ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజ్‌మెంట్ ట్రైనీగా చేరిపోయింది. "ఒక్క ఏడాది చూస్తాను. ఆ తర్వాత మీరేది చదవమంటే అది చదువుతా" అంది.

అక్కడ అందరూ ఆమెను చిన్న మేడం అనేవాళ్ళు. ప్రతి సోమవారం చెక్‌లిస్టు పట్టుకుని గోడౌనంతా తిరగడం ఆమె పని. అందులో తొమ్మిదో గడి: 'బయట తాళం వేసినా చలిగది తలుపులు లోపలి నుంచి తెరుచుకుంటున్నాయా?' మొదటి సోమవారం లోపలికెళ్ళి చూడబోతే మేనేజర్ నవ్వాడు.

"అలా ఒక్కో తలుపూ వేసుకుని చూస్తూ కూర్చుంటే తెల్లారినట్టే! బాగానే ఉంటాయమ్మా. టిక్కు పెట్టెయ్."

పెట్టేసింది. తర్వాతి సోమవారాలు ఎవరూ చెప్పకుండానే పెట్టేసింది.

నాలుగో వారం ఒకావిడ ఆమెను దారిలో ఆపింది. సరుకు సర్దే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది. రెండు జతల గ్లౌజులు తొడుక్కుంటుందని అంతా గ్లౌజులక్క అనేవాళ్ళు. "చిన్న మేడం, మూడో గదిలో లోపలి పిడి ఊగుతోంది. కాస్త బాగుచెయ్యమని చెప్పరూ?"

"అలాగే అక్కా" అంది. పనుల్లో పడి ఆ మాటే మర్చిపోయింది.

ఆ గురువారం సాయంత్రం నాలుగున్నరకి అన్నయ్య ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది ఎంబీఏ దరఖాస్తుకి అదే ఆఖరి రోజు.

"ఫైనాన్సా, మార్కెటింగా, హెచ్‌ఆరా? ఏదో ఒకటి చెప్పి ఏడు. ఫారం తెరుచుకుని గంట నుంచి కూర్చున్నా."

నోరు తెరవబోతూ ఆమె ఎదురుగా ఉన్న హాజరు పుస్తకం వైపు చూసింది. పొద్దున పదకొండు సంతకాలు. వెళ్ళేటప్పుడు పది. గ్లౌజులక్క పేరు పక్కన ఖాళీ. షిఫ్టు వదిలి ముప్పావు గంటైంది. తల తిప్పితే చెప్పుల స్టాండులో ఆవిడ చెప్పులు అలాగే ఉన్నాయి.

ఫోన్ టేబుల్ మీద పడేసి మేనేజర్ గదికి పరిగెత్తింది.

"ఇంటికెళ్ళిపోయుంటుందిలే. సంతకం మర్చిపోయుంటుంది" అన్నాడు ఆయన తల ఎత్తకుండా.

"చెప్పుల్లేకుండానా సార్?"

ఆయన తల ఎత్తేలోపే గోడకున్న తాళాల గుత్తి లాక్కుని మూడో గదికి పరుగు తీసింది. తాళంచెవి రెండుసార్లు కిందపడింది. మూడోసారి తాళం ఊడింది. తలుపు లాగితే తెల్లటి పొగలాంటి చలి ముఖాన కొట్టింది. లోపల చీకటి.

"అక్కా!"

లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది. వెనక తలుపు మూసుకుపోతే? తను టిక్కు పెట్టిన తలుపును తనే నమ్మలేకపోయింది. పక్కనున్న ట్రాలీని తలుపుకి అడ్డంపెట్టి, లైటు వేసి, అప్పుడు వెళ్ళింది.

తలుపుకి నాలుగడుగుల దూరంలో, అట్టపెట్టెలు విప్పి చుట్టూ కప్పుకుని ముడుచుకుని కూర్చుంది గ్లౌజులక్క. పెదాలు నీలంగా ఉన్నాయి. కుడిచేతికి గ్లౌజు లేదు. ఆ పిడికిట్లో ఊడిపోయిన ఇనప పిడి.

"చేతిలోకి వచ్చేసింది తల్లీ. ఎంత బాదినా ఎవరికీ వినపళ్ళేదు" అంది, మాట కూడబలుక్కుని.

ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. వేళ్ళ సంగతి మాత్రం వారం దాకా చెప్పలేమన్నారు. మేనేజర్ ఆమెకి ధైర్యం చెప్పాడు. "కాగితం మీద టిక్కుంది, కింద నీ సంతకముంది. చూశానని చెప్పు, అందరం బయటపడతాం."

విచారణకి వచ్చిన అధికారి ఎదుట కూర్చున్నప్పుడు అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

"చూడలేదండి" అంది చివరికి. "నాలుగు వారాలూ చూడకుండానే పెట్టాను. పిడి ఊగుతోందని ఆవిడ చెప్పింది కూడా. మర్చిపోయాను."

ఉద్యోగం పోయింది. మేనేజర్‌ది కూడా పోయింది. గ్లౌజులక్కకి రెండు వేళ్ళ కొసలు తీసేశారు.

ఆవిడని చూడ్డానికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎన్ని తిడుతుందో అనుకుంది. ఆవిడ తిట్టలేదు.

"చెప్పాను కదమ్మా నీకు" అంది అంతే. మంచం మీద కాస్త పక్కకి జరిగి, "అక్కడ నిలబడితే నాకు మెడ పట్టేస్తోంది. వచ్చి కూర్చో" అంది.

తర్వాతి ఏడాది ఆమె పరిశ్రమల్లో భద్రత మీద డిప్లొమాలో చేరింది. అన్నయ్య ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "మేనేజ్‌మెంట్ చదివి నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని తిరుగుతావా? ఆ పనిలో ఏం తప్పు జరిగినా మొదట నీ మెడకే చుట్టుకుంటుంది, తెలుసా?"

"తెలుసు" అంది. "అదే భయంగా ఉంది."

ఆ రోజు మొదటిసారి నాన్న పేపరు పక్కన పెట్టాడు. "క్లాసు ఎన్నింటికి? నేను దింపుతాను" అన్నాడు.