నిండు ట్యాంకు

మా చిన్న డీజిల్ కారు మెకానిక్ ముందు ఎప్పుడూ బుద్ధిమంతురాలే. మొరాయించేదంతా నా చేతిలోనే. కూడలిలో సిగ్నల్ పచ్చగా మారగానే రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. మళ్ళీ కదిలేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

నేను ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సుని. పొద్దున నేను చేరితేనే రాత్రి డ్యూటీ ఆవిడ ఇంటికి వెళ్ళాలి. ఈమధ్య ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. కారు ఆగిందంటే ఆవిడెందుకు నమ్ముతుంది, మా ఆయనే నమ్మనప్పుడు?

"క్లచ్ మీద నీ కాలు నిలవదు. రోగమంతా అక్కడే ఉంది," అంటారాయన.

గ్యారేజీకి ఇచ్చే ప్రతిసారీ ఆయన ముందు నాచేత బండిని బంకుకి తిప్పించి ట్యాంకు నిండా డీజిల్ కొట్టిస్తారు. ఖాళీ బండి అప్పగిస్తే మెకానిక్ ఏమనుకుంటాడోనని మొహమాటం. అతనోసారి ఫిల్టరు, ఇంకోసారి బ్యాటరీ మార్చి, ఊరంతా తిప్పి, "బంగారంలా ఉందక్కా," అని తాళాలిస్తాడు. అప్పుడు మా ఆయన నావైపు చూసే చూపుకి నాకు తల కొట్టేసినట్టుంటుంది. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. తర్వాత మళ్ళీ అదే దగ్గు.

"బండిలోనే ఏదో ఉందండీ, నేనేం చెయ్యడం లేదు," అని చెవినిల్లు కట్టుకుని పోరాను. చివరికి నామీద నాకే అనుమానం పట్టుకుంది. కూరలు తరుగుతూ బల్ల కింద ఎడమ కాలితో లేని క్లచ్‌ని తొక్కి, మెల్లగా, ఇంకా మెల్లగా వదలడం మొదలుపెట్టాను.

మొన్న డ్యూటీ దిగాక మళ్ళీ గ్యారేజీకి బయల్దేరాం. బంకు కనబడగానే ఆయన "ఇటు తిప్పు," అన్నారు. అక్కడ బండ్లు బారులు తీరి ఉన్నాయి. నా కాళ్ళు పీకేస్తున్నాయి.

"నావల్ల కాదు. నేరుగా పోదాం," అన్నాను.

కూడలి దగ్గర కారు దగ్గి ఆగింది.

"జరుగు," అంటూ ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. స్టార్ట్ చేశారు, ఆగింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఆగింది. వెనక హారన్లు మోగుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫోను తీసి మెకానిక్‌తో, "బండిలోనే ఏదో ఉందయ్యా, నేనేం చెయ్యడం లేదు," అన్నారు.

మెకానిక్ తాడు కట్టి లాక్కెళ్ళి ట్యాంకు దించాడు. డీజిల్ పీల్చే పైపు లోపల సగంలో చీలి ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఆ చీలిక మునిగి ఉంటుంది. డీజిల్ తగ్గితే అందులోంచి గాలి దూరి ఇంజను ఆగిపోతుంది.

"ప్రతిసారీ నిండు ట్యాంకుతో తెస్తే నాకెలా దొరుకుతుంది బావగారూ," అని నవ్వాడతను.

మా ఆయన ఆ పైపుని వెలుతురుకి పట్టి, చీలిక మీద గోరుతో గీసి చూశారు. "పాపం, ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందో," అన్నారు.

కొత్త పైపు వేశాక తేలిగ్గా నవ్వుతూ తాళాలు నాకందించారు. "ఇంక నీకు ఇబ్బంది లేదులే."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు నేను చెబితే చెవికెక్కని మాట, ఆ పైపుముక్కని చూడగానే నమ్మేశారు.

"మీరే నడపండి," అని వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను.