పసుపు నీళ్ల చెంబు మీద ఒక కన్ను

నేను ఒక బర్నర్‌ని. ఇత్తడి ఒళ్లు, బారెడు రబ్బరు తోక. మనుషులు నా మూతి దగ్గర అగ్గిపుల్ల గీస్తూనే తమ మొహం పక్కకు తిప్పుకుంటారు. వాళ్లకు నా మీద నమ్మకం లేనప్పుడు నాకు వాళ్ల మీద ఎందుకుండాలి?

లేతు షాపులో నన్ను పుట్టించినవాడు ఇంత మంచి సరుకు మళ్లీ చెయ్యలేనని మురిసిపోయి, మర్నాడే అమ్మేశాడు. కాలేజీ ల్యాబులో కుర్రాళ్లు వేళ్లు కాల్చుకుని తప్పు నాదనేవారు, మేష్టారు నమ్మేవారు. తర్వాత నగలు చేసే ఆయన దగ్గర చేరాను. బంగారం తరుగు ఎక్కువైనప్పుడల్లా మంట లాగేసిందమ్మా అని నన్ను చూపించేవాడు. నేను రవ్వంత కూడా తినలేదు. చివరికి పాత ఇనుప సామాను కొట్లో పడ్డాను.

అక్కణ్ణుంచి నన్ను నూకరత్నం తెచ్చుకుంది. కాకినాడలో, వేటకెళ్లేవాళ్ల వీధిలో ఉంటుంది. మొగుడు అప్పన్న బోటు మీద సముద్రంలో ఉన్నాడు. చేపల తట్ట మోసి మోసి మెడ పట్టేయడంతో, ఇంట్లోనే నల్లపూసలు చేసి అమ్ముకుందామనుకుంది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుందట. ఇక నా పని అయినట్టే అనుకున్నాను.

అయితే ఏర్పాట్లు బాగానే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. వంటింటికి దూరంగా వెనక వసారాలో, తెరిచిన కిటికీ ఎదురుగా బల్ల వేసింది. దాని మీద ఇనప రేకు పరిచి నన్ను మరలతో బిగించింది. సిలిండరు గోడ బయట నిలబెట్టి, గొట్టం అతుకులకు సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమోనని చూసింది. నైలాన్ చీర విప్పి నూలుది కట్టింది, జుట్టు ముడేసింది, కళ్లద్దాలు పెట్టుకుంది. చేపలు తోమడానికి దాచిన పొయ్యి బూడిదని డబ్బాలో పోసి వేడిచేసి పక్కన పెట్టింది. కొత్త పూసని అందులో పూడ్చితే నెమ్మదిగా చల్లబడుతుంది, లేకపోతే చిట్లుతుంది.

సుద్ద పూసిన ఇనప పుల్ల మీద కరిగిన గాజుని చుట్టడం మొదలెట్టింది. మొదటి పూసలు వంకాయల్లా వచ్చాయి. పోనుపోనూ గుండ్రంగా వచ్చాయి. నాకూ ముచ్చటేసింది. కానీ బూడిదలోంచి తీసేసరికి సగానికి సగం చిట్లి ఉండేవి. రోజూ ఇదే వరస.

అత్త పోలమ్మ ఆ ముక్కలు చూసి హడలిపోయింది. నల్లపూస చిట్లిందని నోటితో అనకూడదు కాబట్టి, పెరిగింది అంటారు.

"నా కొడుకు నీళ్ల మీదున్నాడు. ఇంట్లో రోజూ నల్లపూసలు పెరుగుతుంటే నేనెలాగూరుకుంటానే? రేపు ఒక్కటి పెరిగినా దీన్ని తెచ్చిన కొట్టుకే తోలేత్తాను."

నూకరత్నం ఏడుస్తూ బూడిద మార్చింది, మంట తగ్గించింది, నన్ను విప్పి మూతి కడిగింది. అంటే తప్పు మళ్లీ నాదే అన్నమాట.

నా అనుమానం మాత్రం పోలమ్మ మీదే. కోడలు కుళాయికి వెళ్లగానే ఆమె ఇత్తడి చెంబుతో వసారాలోకి వచ్చేది. బూడిద పక్కకు తోసి, నీళ్లు చిలకరించి, గబగబా కప్పేసి వెళ్లిపోయేది. ఎంత పగ, కోడలు బాగుపడితే ఓర్వలేకపోతోంది అనుకున్నాను.

మర్నాడు కుళాయి రాలేదు. నూకరత్నం ఖాళీ బిందెతో వెంటనే తిరిగొచ్చింది. పోలమ్మ కళ్లు మూసుకుని, వేళ్లకు పసుపుతో, గంగమ్మ పేరూ కొడుకు పేరూ చెప్పుకుంటూ పూసల మీద నీళ్లు చల్లుతోంది. డబ్బాలో టిక్కుమంది.

ఇక తిట్ల వానే అనుకున్నాను. కానీ నూకరత్నం బిందె దించి, అత్త చేతిలోని చెంబు తీసుకుని, ఆమె పక్కనే కూలబడింది.

"వేడి గాజు మీద నీళ్లు పడితే ఇలాగే అవుద్దత్తా. పసుపు నీళ్లు వద్దనను. చల్లబడ్డాక చల్లు."

పోలమ్మ తన పచ్చటి వేళ్లు చూసుకుంది.

"అయితే అన్నీ నా చేత్తోనే... ఆడికేం కాదుగదే?"

"గాజు చిట్లిందత్తా. అంతే."

ఆ ఇంట్లో ఆ మాట అనడం నేను అదే మొదటిసారి విన్నాను.

నూకరత్నం నన్ను వెలిగించి ఒకే ఒక్క పూస చేసి బూడిదలో పూడ్చింది. పోలమ్మ చెంబు ఒళ్లో పెట్టుకుని, చల్లబడిందా అని అడుగుతూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. పూస నిక్షేపంలా బయటికొచ్చింది. దానికి పసుపు నీళ్లు తాకించి, కొడుకు మొలతాడుకి కట్టాలని కొంగున ముడేసుకుంది.

అప్పన్న ఇంకా రాలేదు. పోలమ్మ ఆ ముడి తడుముకుంటూ రోజూ నా పక్కనే కూర్చుంటోంది. నన్ను ఇంకా నమ్మదు. నేనూ ఆ చెంబు మీదినుంచి చూపు తిప్పను. కానీ ఆమె కిటికీలోంచి సముద్రం వైపు చెవి ఒగ్గినప్పుడు మాత్రం, నా హోరు కాస్త తగ్గితే బాగుండుననిపిస్తుంది. బోటు ఇంజను చప్పుడు ఆమెకు వినపడాలి కదా.