వెనకగదికి రెండో డబ్బా

నూకరత్నం ఇల్లు రైలుపెట్టెలా పొడుగు. వీధివైపు అరుగు, ఆ వెనక హాలు, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటి మూడు గదులు, చివర పెరడు. టెలిఫోను హాల్లో ఉండేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ భర్త తాతబ్బాయి చివరి గదిలో ఉండేవాడు, నీళ్లకీ గాలికీ అక్కడే వీలని. ఫోను మోగిందంటే ఆమె చేతిలో పని అక్కడే పడేసి ఇల్లంతా దాటి పరుగెత్తాలి. సగం సార్లు తను చేరేసరికి అది కాస్తా ఆగిపోయేది.

తాతబ్బాయి పాతికేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో, రైతుల చెరకు తోటలు చూసే ఫీల్డుమేనుగా చేశాడు. రావికమతం, కె.కోటపాడు వైపు రైతులు కోతల సంగతి అడగడానికి ఇంకా ఆయనకే ఫోను చేసేవాళ్లు. "ఆయనకి ఒంట్లో బాగులేదు బాబూ" అని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. అవి చాలక ఎదురింటి అచ్చియ్యమ్మ కూతురు విశాఖపట్నం నుంచి చేస్తే, అరుగు మీదకెళ్లి ఆవిణ్ణి కేకెయ్యాలి.

తొంభై ఏడు వేసవిలో, విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు శివాజీ కార్డ్‌లెస్ ఫోను ఒకటి తెచ్చి, దాని డబ్బాని హాల్లో బిగించాడు.

"ఇంక పరుగులెట్టక్కర్లేదప్పా. రిసీవరు నీతోనే ఉంటాది. నువ్వెక్కడుంటే అక్కడ మోగతాది."

మోగలేదు. రెండో గది దాటితే బుసకొట్టడం తప్ప దానికి మాట రాలేదు. మూరెడు మందం మట్టిగోడలు మరి. శివాజీ ఏరియల్ లాగాడు. డబ్బాని స్టూలు మీద, బీరువా మీద, చివరికి కిటికీలో కూడా పెట్టి చూశాడు.

"ఇనిపిస్తందా అప్పా?" అని హాల్లోంచి అరిచాడు.

"నీ అరుపు ఇనిపిస్తంది. ఫోన్లో ఏటీ లేదు," అంది నూకరత్నం. నవ్వడానికి కూడా ఓపిక లేదు ఆమెకి.

మర్నాడు రేడియోలు బాగుచేసే పరదేశి వచ్చి గోడని వేళ్లతో తట్టి చూశాడు.

"ఈ గోడల్లోంచి అది దూరదమ్మా. ఇంకో డబ్బా కావాల. హాల్లో లైను నుంచి ఆ గదిదాకా వైరు లాగి అక్కడొకటి ఎడితే, అక్కడి రిసీవరు అక్కడి డబ్బాతోనే మాటాడతాది."

తర్వాతి ఆదివారం శివాజీ అలాంటిదే రెండోది తెచ్చాడు. పరదేశి దూలాల వెంబడి వైరు మేకులతో కొట్టుకుంటూ పోయాడు. నూకరత్నం స్టూలు పట్టుకుని నిలబడింది. నెత్తి మీద బూజు, కళ్లలో మట్టి. అవతల తాతబ్బాయికి గంజి వేళ దాటిపోతోంది. అంతా అయ్యాక ఒక రిసీవరు ఎత్తగానే రెండు డబ్బాలూ కీచుమని అరిచాయి.

"రెండూ ఒకే చానలు మీదున్నాయి. ఒకల్ని పిలిస్తే ఇద్దరూ పలుకుతన్నారు," అంటూ పరదేశి డబ్బాని తిరగేసి, అడుగునున్న బుల్లి మీటల్ని స్క్రూడ్రైవరు మొనతో జరిపాడు. దాని రిసీవర్లోనూ అలాగే జరిపాడు. "హాలుది మూడు, ఈ గదిది ఏడు. దీని రిసీవరు దానికెట్టకండమ్మా, పలకదు."

ఈసారి ఫోను మోగితే రెండు చోట్లా మోగింది, మాట గంటలా వినిపించింది. శివాజీ సంతోషంగా బస్సెక్కాడు.

వారం రోజులు నూకరత్నానికి కాళ్లు తేలిగ్గానే ఉన్నాయి. తర్వాత ఒకనాడు బట్టలు ఉతుకుతూ లెక్కేసుకుంటే, వీధి మొహం చూసి నాలుగు రోజులైంది. అచ్చియ్యమ్మ కూడా కూతురు చేసే వేళకి తనే పెరటి సందులోంచి వచ్చి ఫోను మాట్లాడి వెళ్లిపోతోంది. ఇన్నాళ్లూ తిట్టుకుంటూ పరుగెత్తిన ఆ ఫోనే తనకి గది బయట కాస్త గాలి తగలనిచ్చేదని, అచ్చియ్యమ్మ కూతురితో మాట్లాడినంతసేపూ తను అరుగు మీద ఊరికే కూర్చునేదని అప్పుడు తెలిసింది. ఎవరికి చెప్పుకుంటుంది? తన కోసమని మరీ పెట్టించారు కదా.

అప్పుడే తాతబ్బాయి మంచం పక్కన ఫోను మోగింది. చేతుల నిండా సబ్బు నురగ. లేవలేదు. మోగి మోగి అదే ఊరుకుంటుందిలే అనుకుంది. ఊరుకుంది కానీ, వెనకే తాతబ్బాయి గొంతు వినిపించింది.

"ఆ... ఎవుల్?"

నూకరత్నం బట్ట పిండడం ఆపింది. ఏడాదిగా ఆయన తనతో అన్నవి రెండే మాటలు, "నీలు", "సాలు". అవతల ఎవరో రైతు కాబోలు. "మొక్క తోట... ఆగు. కార్శి... ముందు కొట్టు," అంటున్నాడాయన. కొత్తగా నాటిన తోట ఆపి, పాత మోళ్లు చిగిర్చిన చెరకు ముందు నరకమని. మాట ముద్దముద్దగా వస్తోంది. అవతలివాడికి అర్థం కాక మళ్లీ అడుగుతున్నట్టున్నాడు. ఆయన మళ్లీ చెప్పాడు. మూడోసారీ విసుక్కోకుండా చెప్పాడు.

ఆమెకి ముందు ఒళ్లు మండింది. తిండి పెట్టి, గుడ్డలు మార్చి, ఏడాదంతా పక్కనే ఉన్న తనతో రాని మాటలు మొహం తెలియనివాడితో వచ్చాయి. గదిలోకి వెళ్లి అడిగేద్దామనే లేచింది. ఆయన రిసీవరుని ఎడమ చేత్తో గుండెకి ఆనించుకుని, చెమటలు కక్కుతూ, కానీ కళ్లు తెరుచుకుని ఉన్నాడు. ఆ కళ్లు చూశాక అడగబుద్ధి కాలేదు. ఆయన చెమట తుడిచి, తిన్నగా నడిచి, అరుగు మీదకొచ్చి చతికిలబడింది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. హాల్లో ఫోను మోగింది. లోపల ఆయన ఎత్తినట్టున్నాడు, ఆగిపోయింది. మనసు ఆగక వెళ్లి హాల్లో రిసీవరు మీట మెల్లగా నొక్కి చెవికి ఆనించుకుంది.

శివాజీ. "బావా! నువ్వేనా? నువ్వే మాటాడతన్నావా? అప్పేది?"

"అరుగు మీద," అన్నాడు తాతబ్బాయి. "కూకోనీ."

ఆమె రిసీవరు పెట్టేసి మళ్లీ అరుగు మీదకొచ్చి కూర్చుంది. ఎదురింటి గుమ్మంలోంచి అచ్చియ్యమ్మ అడిగింది, "ఏటి రత్నం, ఖాళీగా కూకున్నావు?"

"కూకున్నానంతే," అంది. పెరట్లో తడిబట్టలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి.