నాగూర్ కొట్టిన పిన్ను

నాగూర్ కొట్టిన పిన్ను ఊడాలంటే ముందు సముద్రం ఇంకిపోవాలి.

ఈ మాట అన్నది ఊరు కాదు, మెకానిక్ నాగూరే. నాలుగేళ్ల కిందట జ్ఞానప్రకాశం పడవకి ఇంజను బిగించిన రోజున, సుత్తి భుజాన వేసుకుని, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. అక్కడితో ఆగాడా? తాను బిగించిన నట్టు విప్పలేక నాయుడుపేటలో ఒకాయన ఏకంగా లారీనే అమ్ముకున్నాడని కూడా చెప్పాడు. ఆ లారీ నంబరెంతని ఎవరూ అడగలేదు. అడిగితే అదీ చెప్పేవాడే.

ఇప్పుడు ఆ పిన్నే ఊడనంటోంది. ఊడదీయాల్సినవాడూ నాగూరే.

చేపల వేట నిషేధానికి అది చివరి రోజు. మర్నాడు తెల్లవారగానే పడవలన్నీ నీళ్లలోకి దిగాలి. ప్రకాశం పడవ ‘కెజియా’ మాత్రం గేర్‌బాక్సు లేకుండా ఇసక మీద నోరు తెరుచుకుని కూర్చుంది. పాత గేర్‌బాక్సు పళ్లు రాలిపోతే గూడూరు నుంచి కొత్తది తెచ్చారు. దాన్ని ఇంజనుకి సూటిగా కూర్చోబెట్టేవి రెండు డోవెల్ పిన్నులు. చిటికెన వేలంత లావు, లోపల బోలు. సగం ఇంజను బ్లాకులో, సగం గేర్‌బాక్సులో ఉంటాయి. అవి సరిగ్గా లేకపోతే షాఫ్టు వంకర తిరుగుతుంది. పాత గేర్‌బాక్సు విరిగేటప్పుడు ఆ రెంటినీ వంచేసి పోయింది కాబట్టి కొత్తవి వేయాల్సిందే.

మొదటి పిన్ను పట్టకారుకి లొంగింది. రెండోది పట్టుకోగానే బ్లాకు అంచుకి సమంగా పుటుక్కున తెగిపోయింది. ఇక పట్టుకోవడానికి కొస కూడా లేదు. వెనక నుంచి తడదామంటే ఆ రంధ్రానికి అడుగు మూసి ఉంది. డ్రిల్లు పెడితే రెండు బిట్లు విరిగాయి. గ్యాసు మంట పెడదామంటే ఫైబర్ పడవ, పక్కనే డీజిలు ట్యాంకు.

పడవ అంచున కూర్చున్న గంగులయ్య బీడీ ఆర్పేసి, చెవి వెనక పెట్టుకున్నాడు. ప్రకాశం దగ్గర వేటకెళ్లే నలుగురిలో పెద్దవాడు అతనే.

“నాగూరన్నా, సముద్రం చూసొచ్చినా. ఇంకా ఇంకలేదబ్బా. మోకాలి లోతు కూడా తగ్గలా.”

“నీ నోట్లో వల బడ! చూస్తా ఉండు.”

“చూస్తానే ఉండా, పొద్దున్నించి.”

ప్రకాశం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాగూర్‌కి తెలుసు. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. మొదటి రోజు ఎవరి పడవెక్కితే ఆ ఏడాదంతా ఆ పడవ మనిషే. గంగులయ్యా, మిగతా ముగ్గురూ రేపు వేరే పడవెక్కారంటే వచ్చే ఏడాది దాకా తిరిగి రారు. ఒంటరి మనిషి ‘కెజియా’ని ఏం చేసుకుంటాడు, పూలు పెట్టి చూసుకోవడం తప్ప?

నాగూర్‌కి ఇంకో సంగతీ తెలుసు. అది ఆయనకొక్కడికే తెలుసు.

ఇక గ్రీజు పద్ధతి మొదలుపెట్టాడు. పిన్ను బోలులో గ్రీజు కూరి, సరిపడా ఉక్కు కడ్డీ పెట్టి కొడితే, పోయే దారి లేక ఆ గ్రీజు పిన్ను అడుక్కి దూరి దాన్ని బయటికి నెడుతుంది. ఉపాయం మంచిదే, కడ్డీయే నూలుపోగంత వదులు. ఒక్క దెబ్బకి గ్రీజంతా పక్క సందులోంచి వెనక్కి చిమ్మి, ఆయన గడ్డానికి నల్లరంగు వేసింది.

“పదేళ్లు తగ్గినావన్నా,” అన్నాడు గంగులయ్య.

సరిగ్గా అప్పుడే జమాల్‌బీ క్యారేజీ తెచ్చింది. మొగుడి గడ్డం చూసి, “ఎవుర్రా ఈ పిల్లోడు?” అని, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వేటలేని రోజులు కాబట్టి ఎండు నెత్తళ్ల పులుసు, పొగలు కక్కుతున్న రాగి సంగటి. సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, పులుసు పోయడానికి నడుమ బొటనవేలితో గుంట నొక్కింది. నొక్కగానే ముద్ద అంచులు పైకి లేచాయి.

నాగూర్ ఆ గుంటనే చూస్తూ ఉండిపోయాడు.

“తినవయ్యా, ఏంది అట్టా చూస్తావు? కొత్తగా చూసినట్టు!”

“జమాలూ, సంగటి ఇంకా ఉండాదా?”

“ముందు ఇది తినుకో.”

“నాకు కాదు. ఇంజనుకి.”

గ్రీజు జారుతుంది గానీ సంగటి జారదు. గట్టిగా మెదిగిన సంగటి అంత సన్నని సందులోంచి వెనక్కి రాదు. కానీ సంగటి ఒక్కటే చాలదని నాగూర్‌కి తెలుసు. బ్లాకు వేడెక్కాలి. ఎందుకు వేడెక్కాలో చెప్పకుండా వేణ్ణీళ్లు అడగలేడు. చెబితే నాలుగేళ్ల గొప్ప నీళ్లపాలు. ప్రకాశం వైపు చూశాడు. ప్రకాశం పక్క పడవలోకి మూటలు ఎక్కిస్తున్న వాళ్లని చూస్తున్నాడు.

నాగూర్ గడ్డం తుడుచుకున్నాడు.

“ప్రకాశం, ఒక మాట. ఈ పిన్ను ఊడకపోడం నా చేతి గొప్ప కాదబ్బా. ఆ రోజు బొక్క వదులైపోయింది. పిన్ను దానంతటదే జారి పడతా ఉంటే, రెండు ట్యూబుల జిగురు కలిపి పూసి పెట్టినా.”

ప్రకాశం గిర్రున ఇటు తిరిగాడు.

“జిగురా?” అన్నాడు ప్రకాశం.

“జిగురే.”

“మరి సుత్తి?”

“సుత్తి మీరు చూసేదానికి.”

గంగులయ్య పడవ అంచు మీంచి ఇసకలోకి దొర్లాడు, నవ్వలేక. ప్రకాశం మొహం ముందు ఎర్రబడి, తర్వాత వంకర తిరిగి, చివరికి అతనూ పొట్ట పట్టుకున్నాడు. “ఆ లారీ?” అని అడిగాడు కళ్లు తుడుచుకుంటూ.

“లారీ కూడా లేదులేబ్బా. వేణ్ణీళ్లు తెప్పించు. వేడికి జిగురు మెత్తబడతాది.”

గుండె మీంచి రోకలి దించినట్టయింది ఆయనకి. ప్రకాశం ఇంటి నుంచి బిందెలతో మరిగే నీళ్లొచ్చాయి. గోనెపట్టాలు ముంచి పిన్ను చుట్టూ బ్లాకుకి అద్దారు, చల్లబడగానే మార్చారు. ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలాక, జమాల్‌బీ వేడి సంగటి చిన్న చిన్న ఉండలు చేసి ఇస్తుంటే నాగూర్ బోలులో కూరాడు. కడ్డీ పెట్టి కొట్టాడు. మళ్లీ కూరాడు, మళ్లీ కొట్టాడు.

“మనిషికి పెట్టినట్టు పెడతాండావే,” అన్నాడు గంగులయ్య. “పులుసు కూడా పొయ్యి వదినా.”

మూడో ముద్దకి పిన్ను వెంట్రుకవాసి కదిలింది. నాలుగో ముద్దకి బియ్యపుగింజంత బయటికొచ్చింది. అయిదో దెబ్బకి ఠప్పున తుపాకి గుండులా లేచి, గంగులయ్య చెవికీ బీడీకీ మధ్య నుంచి దూసుకుపోయి, పరిగెడుతున్న ఎండ్రకాయ కాలు విరిచి, అల దాటి సముద్రంలో పడింది!

కొత్త పిన్నులు ముందే తీయించి పెట్టినవి, వదులు రంధ్రంలోకి దిగే సగం మాత్రం లేత్ మీద నూలుపోగంత లావుగా. రంధ్రంలో సంగటి గీకి, కడిగి, తుడిచి, వాటిని నిజంగానే సుత్తితో దించాడు నాగూర్. గేర్‌బాక్సు తోయగానే టక్కుమని కూర్చుంది. పొద్దు వాలేలోగా ఇంజను దగ్గి, పొగ వదిలి, పాడటం మొదలుపెట్టింది.

ప్రకాశం ఉన్నచోటే ఇసకలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాగూర్ పక్కన కూర్చుని, మిగిలిన సంగటి చల్లారిపోయినా పులుసులో అద్దుకుని తిన్నాడు. ఆ పూట దాని రుచే వేరు. గంగులయ్య లేచి వెళ్లి, తన నీళ్ల క్యానూ చద్ది గిన్నే తెచ్చి ‘కెజియా’లో పెట్టాడు. అతని వెనకే మిగతా ముగ్గురూ.

ఇక ఈ కథ చెప్పేవాడు ఒకటి ఒప్పుకోవాలి. పిన్ను ఎగరలేదు. ఎండ్రకాయకి ఏమీ కాలేదు. ఆ పిన్ను పాలపన్నులా మెల్లగా ఊగి, నాగూర్ అరచేతిలోకి జారింది. ఇప్పటికీ ఆయన షెడ్డులో మేకుకి వేలాడుతోంది. మిగతాదంతా జరిగిందే. సంగటి మాట నమ్మనివాళ్లు వెళ్లి ఆ పిన్నులోకి తొంగిచూడొచ్చు, చీమలు ఒప్పుకుంటే.