లోపలికి వస్తున్నాను

హోటల్లో గదులు సర్దే ఆమెను అందరూ చిలకమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజరు. పనిలో చేరిన కొత్తలో అతను నేర్పిన ఇంగ్లీషు ముక్కను పొల్లుపోకుండా ఒప్పజెప్పిందని మురిసిపోయి అలా పిలిచాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఆమె అతన్ని నోరారా "అన్నయ్యా" అనేది.

ఆ ముక్క "ఐ యామ్ కమింగ్ ఇన్."

"అంటే ఏమిటన్నయ్యా?"

"లోపలికి వస్తున్నానని. తలుపు కొట్టు, ఈ మాట అను, తాళం తిప్పు."

"రావచ్చా అని అడగక్కర్లేదా?"

"అడిగితే తర్వాత రమ్మంటారు. ఇక నీ గదులు తెమిలినట్టే! వస్తున్నానని చెప్పేస్తే ఏ గొడవా ఉండదు."

అన్నయ్య చెప్పాడంటే ఆమెకు తిరుగులేదు. అలాగే తలుపులు తట్టింది, అలాగే తీసింది. చాలా గదులు ఖాళీగానే ఉండేవి కనుక ఆ మాటకు జవాబు వచ్చే సందర్భమే రాలేదు.

ఒక ఉదయం మూడో అంతస్తు చివరి గదిలోంచి జవాబు వచ్చింది. "హోల్డ్ ఆన్!" అంది లోపలి గొంతు. సరే రమ్మంటున్నారనుకుని చిలకమ్మ తలుపు తోసింది.

అద్దం ముందు ఒక నడివయసు స్త్రీ కూర్చుని ఉంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. పెట్టుకోబోతున్న విగ్గు చేతిలోనే ఉండిపోయింది. పెద్ద జబ్బుకు వైద్యం చేయించుకుంటున్న మనిషి. కెవ్వున అరిచి రెండు చేతులతో తల కప్పుకుంది. చిలకమ్మ తువ్వాళ్ళు జారవిడిచి బయటికి పరుగెత్తింది.

మధ్యాహ్నం మేనేజరు గదిలో పంచాయితీ జరిగింది.

"ఆగమన్నా వెళ్ళావట. ఎవరు నేర్పారు నీకిలా?" అన్నాడు మేనేజరు.

చిలకమ్మ ధైర్యంగా సూపర్‌వైజరు వైపు చూసింది. అన్నయ్య ఉన్నాడుగా, అడ్డుకుంటాడు అనుకుంది.

అతను గోడ వైపు చూస్తూ అన్నాడు. "నేను 'మే ఐ కమ్ ఇన్' అనే నేర్పాను సార్. ఈవిడకి ఇంగ్లీషు తలకెక్కదు. నోటికొచ్చింది అనేస్తుంది."

చిలకమ్మ అతని మీంచి చూపు తిప్పుకుంది. ఏడుపు రాలేదు. ఆ రోజే ఆమెను కింద బట్టలుతికే గదికి మార్చారు.

అయినా ఆ సాయంత్రం రిసెప్షన్ అమ్మాయిని బతిమాలుకుని వెంటబెట్టుకుని మళ్ళీ మూడో అంతస్తుకు వెళ్ళింది. ఈసారి తలుపు తట్టి, దూరంగా నిలబడింది. ఆ స్త్రీ తలకు గుడ్డ చుట్టుకుని తలుపు తీసింది.

"తప్పయిపోయిందమ్మా. మీరన్న మాటకు అర్థం నాకు తెలీదు. నాకు అనడమే నేర్పారు, అవతలివాళ్ళు ఏమంటారో నేర్పలేదు" అంది చిలకమ్మ. అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది.

ఆ స్త్రీ ఏదో మెల్లగా అంది. "మీ మీద కోపం లేదంటోంది. కానీ ఆ క్షణం మరిచిపోవడం కష్టమంటోంది" అని అమ్మాయి చెప్పింది. చిలకమ్మ తల వంచుకుని దిగి వచ్చింది.

మెట్ల దగ్గర సూపర్‌వైజరు ఎదురయ్యాడు. "ఏమనుకోకు చెల్లెమ్మా. పిల్లలు గలవాణ్ణి, నా ఉద్యోగం పోతే ఎలా?"

"నాకూ పిల్లలున్నారు సార్" అంది చిలకమ్మ. 'సార్' అన్న పిలుపు అతనికి చెంపపెట్టులా తగిలింది. ఆమె ఆగలేదు.

చదువరులారా, పనివాళ్ళకు పరాయి భాషలో నాలుగు ముక్కలు బట్టీ పట్టించి, పని జరిగినంతకాలం మెచ్చుకుని, పొరపాటు జరగగానే "దానికి భాష రాదు" అని చేతులు దులుపుకునేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. నోటికి మాట నేర్పినవాడు చెవికి జవాబు కూడా నేర్పాలి. నేర్పకపోతే, జరిగిన తప్పులో మొదటి వాటా అతనిదే.