ఏరిన పప్పు

మా వీధి చివర పెద్ద స్టోర్ తెరిచి అప్పటికి పద్నాలుగు నెలలు. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న పద్దెనిమిది ఇళ్లలో వాళ్ల పసుప్పచ్చ సంచి గడప దాటి లోపలికి రానిది మా ఇల్లొక్కటే. అందుకు నాకు కొంత గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మా సరుకులన్నీ ఎదురుగా ఉన్న బాబాయిగారి కొట్లోనే. ఆయన మాకు చుట్టమేమీ కాదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటివారంలో అగ్గిపెట్టె కోసం వెళ్లి, ఏమని పిలవాలో తెలియక "బాబాయ్ గారూ" అన్నాను. అదే ఖాయమైపోయింది. ఆయన భార్య పిన్నిగారైంది. కొట్టు వెడల్పు తక్కువ, లోపలికి రైలుపెట్టెలా పొడుగు. పప్పుధాన్యాలు ఆయనే స్వయంగా ఏరేవారు. పొద్దున్నే వెలుతురు పడే చోట, గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పళ్లెంలో పోసుకుని ఒక్కో గింజా చూసేవారు. పంతొమ్మిదేళ్లలో ఆ కొట్టు పప్పు నేను ఇంట్లో మళ్లీ ఏరాల్సిన అవసరం రాలేదు.

నేను తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాను. బియ్యంలో నూక ఎక్కువైనా, సబ్బు రేపర్ చివర నలిగినా చెప్పేస్తాను. అందుకే ఆయన నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. "ఇన్‌స్పెక్టరమ్మ పాస్ చేసిందంటే ఇక ఆ సరుక్కి పరీక్షల్లేవు" అని పక్కన ఎవరుంటే వాళ్లకు చెప్పేవారు.

మా ఆయన వేళాకోళం వేరు. "కొట్టు ఆయనది, కాపలా నీది. హాయిగా ఆ స్టోర్‌కి వెళ్తే ఏసీలో తిరగొచ్చు, బండి తోసుకోవచ్చు, ఏం కొన్నావని అడిగేవాడుండడు."

"అడిగేవాడు లేకపోవడమే నాకు నచ్చనిది" అన్నాను.

ఒక మంగళవారం టీపొడి డబ్బాలో పోస్తుంటే అట్టపెట్టె మూల నా వేలికి అంటుకుంది. తపాలా బిళ్లంత మేర జిగురు. అక్కడ ఏదో అంటించి ఉంటే, ఎవరో నూనె రాసి రుద్ది తీశారు. సబ్బులు తీసి చూశాను, అదే మరక. పళ్ల పేస్టు మీదా అదే. పెద్ద స్టోర్ వాళ్లు ధర చీటీ సరిగ్గా ఆ మూలే అంటిస్తారని పక్కింటివాళ్ల వంటగదిలో చూసి నాకు తెలుసు.

బాబాయిగారిని అడగలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున బ్యాంకు పని మీద అటుగా వెళ్తుంటే, ఇంకా తలుపులు తీయని ఆ స్టోర్ ముందు వరసలో ఆయన కనిపించారు. చేతిలో రెండు గుడ్డసంచులు. బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మోకాలు పట్టుకుని, తన చెప్పుల వైపే చూసుకుంటున్నారు. నేను వీధికి అటుపక్కకి మారిపోయాను.

స్టోర్‌లో ధర ఎంతో ఆయన దగ్గరా అంతే. అంటే నా టీపొడి వల్ల ఆయనకు మిగిలేది మోకాలి నొప్పే. అది తెలిసీ, ఆ సాయంత్రం వెళ్లి మామూలుగానే సరుకు తెచ్చుకున్నాను. మానేస్తే ఆయన్ని వదిలేసినట్టు, మానకపోతే ఆయన్ని ఈడ్చినట్టు. ఎటూ తేల్చుకోలేకపోయాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి పిన్నిగారు మా ఇంటికి వచ్చింది. మూడంతస్తులెక్కి రావడం అదే మొదటిసారి. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు సగం తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుంది.

"ఒకటి అడుగుతానమ్మాయ్, కాదనకు."

"చెప్పండి పిన్నిగారూ."

"మా కొట్టుకి రావడం మానెయ్."

పరాచికమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"టీ కంపెనీ బండి మా కొట్టు ముందు ఆగి ఆరునెలలైంది. మేం తీసుకునే నాలుగు పెట్టెలకి వాళ్లకి పెట్రోలు ఖర్చు కూడా రాదట. నీ టీ, నీ సబ్బు అన్నీ ఆయన అక్కడికే వెళ్లి కొనుక్కొస్తున్నారు. చీటీలు ఊడదీసేది నేనే."

"తెలుసండీ" అన్నాను.

"తెలిసే వస్తున్నావా?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆవిడ తమ్ముడు ఆసుపత్రిలో గుమస్తా. అక్కడ వంటశాల సరుకుల గదిలో మనిషి కావాలట. వచ్చిన బియ్యం, పప్పు చూసి, బాగుంటే దించుకోవడం, బాగోకపోతే వెనక్కి పంపడం. కూర్చుని చేసే పని. శనివారం లోపల ఏ సంగతో చెప్పాలి.

"ఈ వయసులో ఆయన్ని ఇంకోసారి ఎవరు పిలుస్తారు చెప్పు? ఆయనేమో, 'ఇన్‌స్పెక్టరమ్మ ఇంకా వస్తోంది కదే, ఆవిడ మానేసిన రోజు మూసేస్తాలే' అంటారు."

"మిగతావాళ్లూ వస్తున్నారుగా."

"వాళ్లు ఇంట్లో ఉప్పు నిండుకుంటే వస్తారు. నెల సరుకు చీటీ రాసిచ్చేది నువ్వొక్కదానివే."

"పోనీ, ఉద్యోగంలో చేరమని నేను చెప్పనా?"

"జాలిపడి చెబుతున్నావనుకుంటారు. ఇంకా మొండికేస్తారు. నువ్వేం చెప్పకు తల్లీ. ఊరికే మానెయ్, చాలు."

మర్నాడు పొద్దున పెద్ద స్టోర్‌కి వెళ్లాను. చల్లగా ఉంది. నేను తోసిన బండికి ఒక చక్రం కీచుమంటోంది. ఎర్రపప్పు పాకెట్ తీసి వెలుతురుకు పెట్టి చూశాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. డబ్బు తీసుకున్న అమ్మాయి నా మొహం చూడలేదు, నాకూ ఆ పూట అదే కావాల్సి వచ్చింది.

వెనక గేటు నుంచి ఇంట్లోకి పోవచ్చు. కానీ ఆయన చూడాలి కదా. పసుప్పచ్చ సంచి కొట్టు వైపు చేతికి మార్చుకుని ముందు నుంచే నడిచాను.

"అమ్మా, ఒక్క నిమిషం."

ఆగాను. ఆయన బల్ల వెనక నుంచి లేచి గుమ్మం దాకా వచ్చారు.

"ఏం బాగోలేదు?"

"ఏం లేదు బాబాయ్ గారూ. దారిలో ఉంది కదా అని..."

"మీకు దారిలో ఉన్నది మేము. అది వీధి చివరుంది" అన్నారు, నవ్వుతూనే. "నలిగిన రేపర్ కూడా వదలని మనిషి మీరు. కారణం లేకుండా మానరు. చెప్పండి, సరిచేసుకుంటాను."

ఆయన వెనక, లోపలిగది తెర పట్టుకుని పిన్నిగారు నిలబడి ఉంది. ఆవిడ కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. ఏ లోపం చెప్పినా రేపటికి సరిచేస్తారు. సరిచేయలేనిదేదో కావాలి.

"పప్పులో రాళ్లు వస్తున్నాయండీ."

"ఏ పప్పులో?"

"ఎర్రపప్పులో. మూడు నెలలుగా. మొన్న మా ఆయనకి పన్ను అంచు విరిగింది. మీతో ఎలా చెప్పాలో తెలియలేదు."

వివరం ఉంటే మాట నమ్ముతారని నాకు తెలుసు. అందుకే ఆ పన్ను కలిపాను. ఆయన నుదుటి మీది కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"మూడు నెలలుగా చెప్పలేదా? మీరు?"

ఇంకెవరు ఆ మాట అన్నా ఆయన నవ్వి ఊరుకునేవారు.

"చూపు మందగించిందేమోనమ్మా" అని మెల్లగా అన్నారు. "నాకు తెలియనే లేదు."

ఇంటికొచ్చి సరుకు సర్దాను. మా వంటింటి కిటికీలోంచి కొట్టు గుమ్మం కనిపిస్తుంది. ఆయన ఎర్రపప్పు బస్తా ముందుకు లాక్కుని పళ్లెంలో పోసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి. చూసిన పప్పు పక్కన పరిచిన దుప్పటి మీద పోస్తున్నారు. కొనడానికి వచ్చినవాళ్లను చెయ్యి ఊపి పంపేస్తున్నారు. ఒంటిగంటకి పిన్నిగారు భోజనానికి పిలిచినట్టుంది, తల అడ్డంగా ఊపారు. నేనూ తినలేదు. రెండింటికి లేచి లోపలికి వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి మళ్లీ కూర్చున్నారు.

నాలుగవుతుండగా, చేతిలోని గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయాను. ఆసుపత్రిలో పనేమిటి? పప్పు చూసి, బాగుందో లేదో చెప్పడం. ఏ పనికైతే ఆయన్ని పంపాలనుకున్నానో, ఆ పనికి నీ కళ్లు చాలవని నేనే చెప్పి వచ్చాను.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగాను.

బస్తా దాదాపు ఖాళీ అయింది. దుప్పటి మీద పప్పు గుట్టగా ఉంది. పళ్లెం పక్కన పెట్టిన చిన్నమూతలో ఏమీ లేదు. రాళ్లు వేయడానికి పెట్టుకున్న మూత అది.

"ఒక్కటీ కనబడలేదమ్మా. ఉన్నాయి, నాకే కనబడటం లేదు" అన్నారు తలెత్తకుండా.

"లేవండీ. రాళ్లు లేవు. నేను అబద్ధం చెప్పాను."

చేతిలోని గింజలు అలాగే పట్టుకుని నా వైపు చూశారు. తర్వాత లోపలి తెర వైపు చూశారు. ఎవరూ ఆయనకు ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయి."

"బాగున్నాయి బాబాయ్ గారూ."

"రెండింటికే మీ తమ్ముడికి ఫోన్ చేశానే" అన్నారు పిన్నిగారితో. "చూపు ఆనడం లేదు, ఆ పనికి నేను పనికిరానని చెప్పేశాను."

పిన్నిగారు ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లింది. "నేన్రా, అక్కని" అనడం, తర్వాత చాలాసేపు ఊ కొట్టడం వినిపించింది. బయటికి వచ్చి తెర దగ్గరే ఆగింది.

"ఇంకొకళ్ల పేరు రాసుకున్నారట. అడిగి చూస్తానన్నాడు. మాట మీద నిలబడని మనిషని పైవాళ్లు అంటారేమోనని వాడి భయం."

ఆయన మోకాలు పట్టుకుని లేచి, బస్తా మూతి తెరిచి, దుప్పటి అంచు ఎత్తబోయారు. ఒక్కరి వల్ల అయ్యేలా లేదు. నేను వంగి రెండో అంచు పట్టుకోబోయాను.

"వద్దమ్మా" అన్నారు. "ఇవి ఏరినవి."